ఎవరూ తీసుకోని నిర్ణయం

ఏప్రిల్ వచ్చిందంటే మా యూనివర్సిటీ పిల్లలను ఎండకన్నా ఎక్కువగా సతాయించేది ఒక ప్రశ్న. మేజర్ ఏం తీసుకుంటున్నావ్? క్యాంటీన్‌లో రాజ్మా అన్నం ముందు కూర్చున్నా అదే, హాస్టల్ మెట్ల మీదా అదే, ఇంటికి ఫోన్ చేసినా అదే. మా దగ్గర మొదటి సంవత్సరం అందరూ అన్ని సబ్జెక్టులూ కాస్త కాస్త రుచి చూస్తారు. ఆ ఏడాది ముగిసేలోపు ప్రధానంగా చదివే సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి. దానికే మేజర్ అని పేరు. మిగిలిన మూడేళ్ళూ ఇక దాని చుట్టూనే తిరుగుతాయి.

ఎంచుకోవడంలో, ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు చదవాలో ప్లాన్ వేసుకోవడంలో పిల్లలకు సాయం చేసే పని మాలో కొందరు టీచర్లకు అప్పగిస్తారు. గ్రేటర్ నోయిడాలోని ఈ క్యాంపస్‌లో తెలుగు మాట్లాడే టీచర్ని నేనొక్కదాన్నే. అందుకని తెలుగు పేరు కనిపించిన ప్రతి పిల్లనూ పిల్లాణ్ణీ నా నెత్తిన రుద్దుతారు. నా పేరు సరోజ. సొంతవూరు హన్మకొండ, ఉండేది ఢిల్లీ పక్కనున్న వైశాలిలో, చెప్పేది చరిత్ర. నాకు కోపమెక్కువని పిల్లలు చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ముఖ్యంగా ‘స్కోప్’ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. “మేడమ్, సైకాలజీకి స్కోప్ ఉందా?” “మేడమ్, ఎకనామిక్స్‌కి స్కోప్ ఎంత?” స్కోప్ అంటే ఏంటో చెప్పు అంటే ఒక్కరూ చెప్పలేరు. అందుకని నేను పిల్లలను మేజర్ గురించి అడగడం మానేశాను. వచ్చే సెమిస్టర్‌లో జరిగే క్లాసుల పట్టిక ముందు పెట్టి, చేతికి ఒక పెన్సిల్ ఇస్తాను. పొద్దున తొమ్మిదింటి క్లాసుకు టిఫిన్ మానుకుని అయినా దేనికి వెళ్తావో దానికి టిక్కు పెట్టు అంటాను. టిక్కులన్నీ పెట్టాక చూస్తే మేజర్ దానంతట అదే కనబడుతుంది. పెద్ద విషయంలో పిల్లలు అబద్ధం చెప్పగలరు గానీ నిద్ర విషయంలో చెప్పలేరు.

ఈ పద్ధతి నన్నెప్పుడూ మోసం చేయలేదు, హారిక వచ్చేదాకా.

హారిక ఢిల్లీలోని జనక్‌పురిలో పుట్టి పెరిగిన పిల్ల. ఇల్లు దూరం కనుక ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు, కూర్చోమనేదాకా కూర్చోలేదు. చేతిలోని కాగితాన్ని నేను చదవడానికి వీలుగా నా వైపు తిప్పి పెట్టింది. టైపు చేసిన కాగితం. పేరాలకు అంకెలు వేసి ఉన్నాయి. మొదట నేపథ్యం, తర్వాత ఉన్న మార్గాలు, వాటి మంచిచెడ్డలు, చివర సిఫారసు. కంప్యూటర్ సైన్స్ మేజర్. అడుగున, ఆమోదం కోసం సమర్పిస్తున్నట్టు ఒక వాక్యం. దాని పక్కన నీలం సిరాతో ‘అప్రూవ్డ్’ అని రాసి ఒక పొడవాటి సంతకం.

“ఇదేంది బిడ్డా, ఏదన్న మినిస్ట్రీ నుంచి వచ్చినవా?” అన్నాను.

నవ్వింది. “సైన్ పాపాది మేడమ్. పాపా అండర్ సెక్రటరీ. మా ఇంట్లో ఏది కావాలన్నా నోట్ పెట్టాలి. స్కూల్ ట్రిప్‌కి వెళ్ళాలన్నా నోట్, ఫోన్ కావాలన్నా నోట్. చిన్నప్పట్నుంచీ అంతే. మతలబ్, గేమ్ లాగా.”

నాకు ముచ్చటేసింది. ఢిల్లీలో తెలుగు ఆఫీసర్ల ఇళ్ళు నేను చాలానే చూశాను. చాలా ఇళ్ళల్లో ఆఫీసు సాయంత్రం ఆయన వెంటే ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంటుంది. పప్పులో ఉప్పు తక్కువైతే, నచ్చని ఫైలు మీద రాసినట్టు ‘ప్లీజ్ డిస్కస్’ అనే మొగుడు కూడా నాకు తెలుసు. కానీ కూతురికి ఆలోచించి రాయడం నేర్పిన తండ్రి అంటే కొంచెం గౌరవం కలిగింది.

“నీ నోట్లు ఎన్నిసార్లు వాపసొచ్చినయ్?”

“ఒక్కసారి కూడా రాలేదు మేడమ్,” అంది, మెడ నిటారుగా పెట్టి.

ఆ పిల్ల మార్కులు చూశాను. ప్రోగ్రామింగ్‌లో బాగానే వచ్చాయి. మా దగ్గర కంప్యూటర్ సైన్స్ సీట్లు తక్కువ, మొదటి ఏడాది మార్కులను బట్టి ఇస్తారు. హారికకు సీటు వచ్చింది. నెలాఖరు శుక్రవారంలోపు ఖాయం చేసుకోకపోతే అది వెనక ఉన్న పిల్లలకు పోతుంది, మళ్ళీ రమ్మన్నా రాదు. ఏదీ తేల్చుకోలేనివాళ్ళు ఇంకో సెమిస్టర్ మేజర్ లేకుండా చదవవచ్చు గానీ, తర్వాత మిగిలినవాటిలోంచే ఏరుకోవాలి. కాగితం మీద చూస్తే హారిక విషయంలో ఆలోచించాల్సింది ఏమీ లేదు. అయినా అలవాటు కొద్దీ పట్టిక ముందుకు జరిపి పెన్సిల్ ఇచ్చాను.

అక్కడ చిక్కొచ్చింది. ఆ పిల్ల పెన్సిల్ పట్టుకుని పట్టికను చూడటం లేదు, నన్ను చూస్తోంది. ఒక కోర్సు మీద వేలు పెడుతుంది, నా మొహంలోకి చూస్తుంది. నా కనుబొమ కాస్త కదిలితే చాలు, వేలు పక్క కోర్సు మీదికి జరుగుతుంది. కాసేపు బిడియం అనుకున్నాను. తర్వాత నాకు అనుమానం వచ్చింది.

“నోట్ ఒక్కసారి కూడా ఎందుకు వాపసు రాలే?” అని అడిగాను.

అదేదో తన ప్రతిభ గురించి అడిగినట్టు సంబరంగా చెప్పింది. “పెట్టేముందు పాపా మనసులో ఏముందో కనుక్కుంటా మేడమ్. మమ్మీని అడుగుతా. డిన్నర్‌లో టాపిక్ తీస్తా, పాపా ఏమంటారో చూస్తా. పాపాకి ఏది ఠీక్ అనిపిస్తే అదే రాస్తా. ఫిర్ రిజెక్ట్ ఎలా అవుతుంది?”

“మరి ఈ కంప్యూటరు?”

“పాపా ఆఫీసులో బాస్, జాయింట్ సెక్రటరీ అంకుల్ వాళ్ళ అబ్బాయి కంప్యూటర్స్ తీసుకున్నాడని, మంచి లైన్ అని పాపా అన్నారు. దసరా టైమ్‌లో.”

“నీకు ఇష్టమేనా?”

హారిక నా మొహంలోకి చూసింది. ఏ జవాబు చెప్పాలో అక్కడ రాసి ఉంటుందని వెతుకుతున్నట్టు చూసింది. నాకు ఆ తండ్రి మీద ఒళ్ళు మండిపోయింది. ఆయన నంబరు తీసుకుని, ఒకసారి వచ్చి కలవమని అప్పుడే ఫోన్ చేశాను.

హారిక తండ్రి ఉమాశంకర్ గారు శనివారం వచ్చారు. జనక్‌పురి నుంచి గ్రేటర్ నోయిడా అంటే ఢిల్లీని ఒక కొస నుంచి ఇంకో కొసకు కొలుచుకుంటూ రావడమే. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. అయినా గుమ్మంలో ఆగి, అనుమతి అడిగి, రెండు చేతులూ జోడించి లోపలికి వచ్చారు. మాటను బట్టి గోదావరి జిల్లాల వారని తెలిసిపోయింది. ఆయనతో పోట్లాడటానికి నేను బస్సులో వస్తూ మాటలన్నీ కూర్చుకుని పెట్టుకున్నాను.

“కంప్యూటర్ మీ ఇష్టమా సార్, పిల్ల ఇష్టమా?” అని నేరుగా అడిగేశాను.

“అమ్మాయిదేనండి. నేను అస్సలు కల్పించుకోలేదండి,” అన్నారాయన. “పైవాడు ముందే నోరు తెరిచాడనుకోండి, కిందవాడు ఇంక బుర్ర వాడడండి. ఆఫీసులో రోజూ చూస్తూంటాను కదండీ. అందుకే ఈ ఏడాదంతా నోరు కట్టేసుకు కూర్చున్నాను. ప్రపోజలు కిందనుంచి రావాలండి. వచ్చింది. శుభ్రంగా రాసింది. సంతకం పెట్టేశాను.”

“జాయింట్ సెక్రటరీ కొడుకు మంచి లైన్ పట్టుకున్నడని మీరే అన్నరట కదా.”

“నేనాండీ? ఎప్పుడు?”

“దసరాకు. అన్నం తినుకుంట.”

ఆయన చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. “అని ఉంటానండి. పచ్చడి కలుపుకుంటూ ఏదో అనుంటాను. ఆ కుర్రాడెవరో కూడా నాకు సరిగ్గా తెలీదండి.”

నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హారిక నోట్ ఎలా తయారవుతుందో ఆ పిల్ల చెప్పినట్టే ఆయనకు చెప్పాను. వాళ్ళమ్మను అడగడం, భోజనాల దగ్గర మాట కదపడం, తండ్రి మొహం చూసి సిఫారసు రాయడం. వింటున్నకొద్దీ ఆయన కుర్చీలో వెనక్కి ఒరిగిపోయారు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు, తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకున్నారు.

“మా దగ్గరా ఇంతేనండి,” అన్నారు చివరికి. “నోట్ రాసేముందు సార్ మనసులో ఏముందో కనుక్కుంటాం. పీఏని అడుగుతాం, డ్రైవర్ని అడుగుతాం. ఆయనకి నచ్చేదే రాస్తాం. ఆయనేమో, కిందనుంచి వచ్చింది కదా, వీళ్ళు ఆలోచించే రాసుంటారని సంతకం పెడతారు. ఆఖరికి అది ఎవరి నిర్ణయమండీ అంటే, ఎవరిదీ కాదు. ఎవరూ తీసుకోకుండానే జరిగిపోయిన నిర్ణయాలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో నాకే తెలీదండి.” రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, “ఫైళ్ళ సంగతి వదిలేయండి. ఇంట్లో సరదాగా ఆడుకుంటున్నామనుకున్నాను. దానికి సొంతంగా ఆలోచించడం నేర్పుతున్నాననుకున్నానండి,” అన్నారు.

“మీ మొహం చదువుడు నేర్పినరు సార్.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన తల దించుకున్నారు. నాకు జాలేసింది. కూతురికి స్వేచ్ఛ ఇవ్వాలని ఏడాదిపాటు నోరు మూసుకుని కూర్చున్న మనిషి. ఆయన మూసుకున్న నోటిలోంచే ఆ పిల్ల ఒక ఆజ్ఞ వినేసింది. ఆఫీసర్ల ఇంట్లో కాక ఇలాంటి తప్పు ఇంకెవరింట్లో జరుగుతుంది?

హాస్టల్ నుంచి హారికను పిలిపించాను. తండ్రిని చూసి సంతోషంగా వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఉమాశంకర్ గారు గొంతు సవరించుకున్నారు.

“అమ్మా, ఆ కంప్యూటర్ నోట్ మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను.”

పిల్ల మొహంలో రంగు పోయింది. “వై, పాపా? క్యా గలత్ హై? ఏ పేరా మార్చాలి?”

“ఏ పేరా మార్చక్కర్లేదమ్మా. నీకేం కావాలో నువ్వు చెప్పు.”

“మీకు ఏది ఠీక్ అనిపిస్తే…”

“నాకేదీ అనిపించట్లేదు. నిజంగా.”

ఆయన తన మొహంలో ఏమీ కనబడకూడదని గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చున్నారు. హారిక ఆ మొహాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూసింది. ఏమీ దొరకలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మెల్లగా నా వైపు తిరిగి నా మొహం చూడటం మొదలుపెట్టింది. నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కానీ అన్యాయం జరిగిన చోట న్యాయం చేస్తున్నానన్న ఊపులో ఉన్నాను నేను.

“శుక్రవారం దాక టైముంది బిడ్డా,” అన్నాను. “ఈ వారం నీకు తెల్వని క్లాసులల్ల పోయి వెనక బెంచిల కూసో. నోట్స్ రాయకు, ఎవర్నీ అడగకు. ఏది వింటుంటే నీకు టైము తెల్వలేదో అది నాకొచ్చి చెప్పు.”

“ఠీక్ హై మేడమ్,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ వారం క్యాంపస్‌లో ఎక్కడ చూసినా హారికే కనబడింది. భౌతికశాస్త్రం ల్యాబ్ బయట ఒకసారి, మట్టి నమూనాల సంచులు మోసుకొస్తున్న పిల్లల వెనక ఒకసారి. ఒకరోజు నా క్లాసులో కూడా వెనక బెంచీలో కూర్చుంది. ఢిల్లీ నగరం ఎన్నిసార్లు చోటు మారిందో చెబుతున్నాను ఆ రోజు. ఆ పిల్ల తల ఊపుతూ విన్నది. చెప్పొద్దూ, నేను కూడా ఆ రోజు మామూలుకన్నా బాగానే చెప్పాను.

గురువారం పొద్దున్నే గదికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నిలబడే చెప్పింది. “మేడమ్, హిస్టరీ.”

నా సంతోషం దాచుకోలేకపోయాను. మా డిపార్ట్‌మెంట్‌కి ఏటా వచ్చేవాళ్ళు గుప్పెడుమంది. అందులోనూ వేరేది ఏదీ దొరకని పిల్లలు సగం. ఇలా కంప్యూటర్ సీటు వదులుకుని వచ్చే పిల్ల ఎన్నాళ్ళకు దొరుకుతుంది! టీ తెప్పించాను. ఎందుకు చరిత్ర అని అడిగితే తడుముకోకుండా చెప్పింది. చరిత్ర అంటే రాజులు కాదట, మామూలు మనుషులు ఎందుకు అలా బతికారో తెలుసుకోవడమట. నేను మురిసిపోయాను. ఇద్దరం కూర్చుని మూడేళ్ళ కోర్సులూ వేసేశాం. ఏ సెమిస్టర్‌లో ఏ క్లాసు, ఏ వేసవిలో ఏ పురావస్తు తవ్వకానికి పంపాలి, పాత పత్రాలు చదవడానికి ఫార్సీ భాష ఎప్పుడు మొదలుపెట్టాలి. పెన్సిల్ నా చేతిలోనే ఉందన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

టీ తాగడం అయ్యాక, కప్పు కింద పెడుతూ హారిక తృప్తిగా అంది. “సీనియర్స్ కరెక్ట్‌గా చెప్పారు మేడమ్.”

“ఏం చెప్పిన్రు?”

“మీకు ఏం చెబితే నచ్చుతుందో. కింగ్స్ గురించి అంటే మీకు కోపం వస్తుంది, కామన్ పీపుల్ అనాలి అని. స్కోప్ అనే వర్డ్ అసలు అనొద్దు అని.”

దాచాలన్న ఆలోచన కూడా లేదు ఆ పిల్లలో. పని ఎలా చేయాలో అలా చేశానన్న నిశ్చింత ఉంది. నేను పప్పులో కాలేసిన సంగతి అప్పుడు తెలిసింది. తండ్రిని తిట్టి పంపించాను. ఆయనన్నా పచ్చడి కలుపుకుంటూ పొరపాటున ఒక మాట జారారు. నేనేం చేశాను? టీ తెప్పించాను, నవ్వాను, పెన్సిల్ తీసుకుని ఆ పిల్ల మూడేళ్ళూ నేనే రాసేశాను. పై అధికారి మారాడు, అంతే. నా మీద నాకు పుట్టిన కోపం ముందు స్కోప్ మీది కోపం ఏ మూలకీ రాదు.

వేసిన ప్లాన్ అంతా రబ్బరుతో చెరిపేశాను. హారిక బిత్తరపోయి చూసింది.

“చరిత్ర బాలేదా మేడమ్?”

“బాగనే ఉంది. నాకు బాగుంది.” నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “చూడు బిడ్డా, నా మొహం మంచిది కాదు. అందులో అన్నీ కనబడతయ్. నేను బయటికి పోతున్న. వచ్చేదాక ఈ గదిల నువ్వొక్కదానివే ఉంటవ్. ఫోన్ ముట్టకు. వచ్చే సెమిస్టర్ క్లాసులకు మాత్రం టిక్కు పెట్టు. మేజర్ సంగతి రాయకు. నాకు నచ్చుతదా, మీ నాన్నకు నచ్చుతదా అని ఆలోచన వస్తే, వచ్చిందని తెలుసుకో. అంతకన్న ఏం చేయొద్దు.”

“తప్పయితే?”

“తప్పే కానీ. నీ తప్పు కావాలె.”

తలుపు దగ్గరికి వేసి వరండాలోకి వచ్చాను. బయట వడగాలి కొడుతోంది. లాన్‌లో గడ్డి గోధుమరంగుకు తిరిగింది. ఆ ఎండలో నాకు చేసే పనేమీ లేదు. ఇన్నేళ్ళుగా ఎంతమంది పిల్లలు నా ముందు కూర్చుని, నేను నవ్విన చోట టిక్కు పెట్టి వెళ్ళిపోయారో అని ఒక ఆలోచన వచ్చి గుండెలో కూర్చుంది. పట్టికలోంచి మేజర్ దానంతట అదే కనబడుతుందని నేను గర్వంగా చెప్పుకునేదాన్ని. కనబడింది వాళ్ళకా, నాకా? లోపలికి తొంగి చూడాలని చాలాసార్లు అనిపించింది. చూడకుండా ఉండటం నా వంటి దానికి ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

తిరిగి వచ్చేసరికి హారిక పట్టిక మీదికి వంగి ఉంది. జుట్టు మొహం మీద పడింది. బల్ల నిండా రబ్బరు పొట్టు. నేను కూర్చున్నాక కాగితం నా వైపు తిప్పలేదు. నేనే మెడ సాచి చదువుకోవాల్సి వచ్చింది.

నేలల గురించిన కోర్సు ఒకటి. అందులో యమున ఒడ్డుకు తీసుకెళ్ళి మట్టి తవ్విస్తారు. మ్యాపులు తయారుచేయడం మీద ఒకటి. ప్రోగ్రామింగ్ రెండో భాగం ఒకటి. బెంగాలీ మొదటి మెట్టు ఒకటి. చరిత్ర లేదు.

“బెంగాలీ ఎందుకు?” అని అడిగాను. ఆ ఒక్కటీ అడగకుండా ఉండలేకపోయాను.

“నా రూమ్మేట్ రోజూ వాళ్ళ అమ్మతో ఫోన్‌లో బెంగాలీలో మాట్లాడుతూ నవ్వుతుంది. ఎందుకు నవ్వుతుందో తెలుసుకోవాలని ఉంది.” చెప్పాక సిగ్గుపడింది. “అది రీజన్ కాదు కదా మేడమ్.”

నోరు తెరిస్తే అయిపోతుంది. నేలలు, మ్యాపులు, ప్రోగ్రామింగ్. ఈ మూడూ కలిస్తే మా దగ్గర సరిగ్గా సరిపోయే మేజర్ ఒకటుంది. నాకు చూసిన మరుక్షణం తెలిసిపోయింది. దాని పేరు నాలుక చివర్లో ఆడుతోంది. చెబితే ఈ పిల్ల కళ్ళు మెరుస్తాయి, రాసేసుకుంటుంది, సాయంత్రానికి మంచి నోట్ తయారవుతుంది, ఎవరూ వాపసు పంపరు. నేను నోరు బిగబట్టుకుని కూర్చున్నాను. టీచరుగా నేను చేసిన పనుల్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు.

“మేడమ్,” అంది హారిక, పట్టిక చూస్తూనే. “నాకు ఇంకా తెలీదు.”

“ఏం తెల్వదు?”

“మేజర్. కంప్యూటర్స్ ఇష్టం లేదని కాదు. ఇష్టమో కాదో తెలీదు. ఈ క్లాసులు చేసి చూస్తా. ఒక సెమిస్టర్ ఏ మేజర్ లేకుండా ఉంటా.”

“రేపటికి కంప్యూటర్ సీటు పోతది. మళ్ళ రాదు. ఆ సంగతి యాదికి పెట్టుకోని చెప్తున్నవా?” భయపెట్టాలని కాదు, చెప్పడం నా బాధ్యత కనుక అన్నాను.

“హాఁ మేడమ్. భయంగానే ఉంది.”

అని, ఫోన్ తీసి తండ్రికి కలిపింది. ఫోన్‌ను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. ఆఫీసు సమయం. అవతల ఎవరితోనో హిందీలో మాట్లాడుతున్న ఉమాశంకర్ గారు, ఒక్క నిమిషం అని బయటికి వచ్చినట్టున్నారు, గొంతు దగ్గరైంది.

“చెప్పమ్మా.”

“పాపా, నేను ఇప్పుడు మేజర్ తీసుకోవట్లేదు. నాకు ఏది కావాలో తెలీదు. వచ్చే సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు పెట్టుకున్నా. కంప్యూటర్స్ సీటు పోతుంది.”

అవతల లిఫ్టు తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వచ్చింది. ఆయన అక్కడ నిలబడి ఏం మింగుతున్నారో నేను ఊహించగలను. ఢిల్లీలో ఎంతమంది తండ్రులు ఆ సీటు కోసం తిరుగుతున్నారో ఆయనకు తెలుసు. వద్దని ఒక్క మాటంటే చాలు, ఈ పిల్ల ఇప్పుడే, ఇక్కడే, సంతోషంగా మార్చేసుకుంటుంది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

“పోతే మళ్ళీ రాదేమో కదమ్మా,” అన్నారు చాలా మెల్లగా.

“రాదు పాపా.”

“అచ్ఛా. మరి, నన్నేం చేయమంటావు? నేనేమైనా చెప్పాలా?”

హారిక కళ్ళు మూసుకుంది. “వద్దు పాపా. ఏమీ చెప్పకండి. నేను మిమ్మల్ని అడగట్లేదు. మీకు చెబుతున్నా.”

“సరేనమ్మా,” అన్నారాయన. ఆ గొంతులో ఏముందో పోల్చుకోవడానికి నేను చెవులు రిక్కించాను. దిగులో, సంతోషమో, రెండూనో నాకు అంతుపట్టలేదు. హారిక పోల్చుకోవడానికి ప్రయత్నించలేదు. ఫోన్ పెట్టేసింది.

పట్టిక మడతపెట్టి సంచీలో వేసుకుంది. “రిజిస్ట్రేషన్ ఆఫీసు లంచ్‌కి మూసేస్తారు మేడమ్, వెళ్తా,” అని లేచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలుపు దాకా వెళ్ళింది. వెళ్ళేముందు ఒక్కసారి వెనక్కి తిరుగుతుందని, తను చేసింది మంచిదో కాదో నా మొహంలో చూసుకుంటుందని అనుకున్నాను. ఏ మొహం పెట్టాలో కూడా సిద్ధం చేసుకున్నాను, చిన్న నవ్వు, ధైర్యం చెప్పేది. హారిక తలుపు తీసుకుని, వెనక్కి చూడకుండా వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ నవ్వు పెట్టుకుని నేను ఖాళీ కుర్చీ ముందు కూర్చుండిపోయాను. కొంచెం బాధేసింది. చాలా సంతోషమేసింది.